అమెరికాలో ఎమ్మెస్: క్యాంపస్ బయట ఇల్లు తీసుకునే ముందు తూచి చూడవలసినవి

అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చి, వీసా చేతికందిన తరువాత తెలుగు ఇళ్లలో నడిచే చర్చ చాలావరకు ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది: తలకు నెలకు ఎంత అద్దె పడుతుంది? సీనియర్లను అడిగేదీ అదే, వాట్సాప్ గ్రూపుల్లో పోల్చుకునేదీ అదే. విద్యారుణం మీద వడ్డీ అప్పటికే మొదలైన ఇంట్లో ఆ ప్రశ్న రావడం సహజమే. అయితే క్యాంపస్ బయటి ఇంటి లాభనష్టాలను తేల్చేవి తలసరి అద్దె కంటే ముందు మరో రెండు విషయాలు: లీజు మీద ఎవరెవరి పేర్లు ఏ పద్ధతిలో ఉన్నాయన్నది ఒకటి, ఆ లీజు ఎన్ని నెలలకు మిమ్మల్ని బాధ్యులను చేస్తుందన్నది మరొకటి. ఈ రెండూ సరిచూసుకున్నవారికి కాస్త ఎక్కువ అద్దె ఉన్న ఇల్లు కూడా ఏడాది తిరిగేసరికి చవకగా తేలవచ్చు. చూసుకోనివారికి 400 డాలర్ల వాటా సెమిస్టరు మధ్యలో 800 డాలర్లు కావచ్చు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఎమ్మెస్‌కు వెళ్లేవారి గురించి. బ్యాచిలర్స్ స్థాయిలో చేరేవారి పరిస్థితి వేరు, ఎందుకంటే చాలా విశ్వవిద్యాలయాలు మొదటి సంవత్సరం తాము చెప్పిన వసతిలోనే ఉండాలని నిబంధన పెడతాయి. అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరే బ్యాచిలర్స్ విద్యార్థి విశ్వవిద్యాలయ వసతిలో గానీ, అది ధ్రువీకరించిన ప్రైవేటు వసతిలో గానీ ఉండవలసిందే. ఎమ్మెస్ విద్యార్థికి అటువంటి నిర్బంధం సాధారణంగా ఉండదు. గది దొరుకుతుందన్న భరోసా కూడా ఉండదు.

ఎదురయ్యే నాలుగు దారులు

మొదటిది విశ్వవిద్యాలయం స్వయంగా నడిపే అపార్ట్‌మెంటు. కరెంటు, నీరు, ఇంటర్నెట్ చాలాచోట్ల అద్దెలోనే కలిసి ఉంటాయి, తరగతికి నడిచి వెళ్లవచ్చు, రూమ్మేటుతో పొసగకపోతే వెళ్లి చెప్పుకోవడానికి హౌసింగ్ ఆఫీసు ఉంటుంది. ఒప్పందం విశ్వవిద్యాలయంతోనే కాబట్టి అమెరికాలో క్రెడిట్ చరిత్ర (అప్పులు తీర్చిన తీరు చూపే రికార్డు) లేకపోవడం అడ్డు కాదు. చదువు మధ్యలో ఆగినా, డిగ్రీ ముందుగా పూర్తయినా ఒప్పందం రద్దు చేసుకునే పద్ధతిని ముందే రాసి పెడతారు. ఇబ్బంది ఒక్కటే గానీ అది పెద్దది: గదులు తక్కువ, వెయిటింగ్ లిస్టు పొడుగు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం లాంటి చోట గ్రాడ్యుయేట్ విద్యార్థులు పిట్స్‌బర్గ్‌లోని షేడీసైడ్, స్క్విరెల్ హిల్ వంటి పేటల్లో ఇళ్లు వెతుక్కోవడమే ఆనవాయితీ. అడ్మిషన్ ఖాయం కాగానే, వీసా కోసం ఎదురుచూడకుండా, హౌసింగ్ దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టేముందు వీసా రాకపోతే కట్టిన సొమ్ము వెనక్కి ఇస్తారా అన్నది ఈమెయిలులో అడిగి, జవాబును దాచుకోవాలి.

రెండవది క్యాంపస్ గేటు దగ్గర ప్రైవేటు కంపెనీలు విద్యార్థుల కోసమే కట్టే కాంప్లెక్సులు. ఇక్కడ అద్దె ఇంటికి కాదు, పడకగదికి. ఒక్కొక్కరు వేర్వేరుగా లీజు రాసుకుంటారు, గది తలుపుకు వేరే తాళం ఉంటుంది, మంచం, బల్ల, సోఫా చాలావాటిలో ముందే అమర్చి ఉంటాయి. హాలు, వంటిల్లు మాత్రం ఉమ్మడి. అద్దె నాలుగింటిలోనూ తరచు ఇక్కడే ఎక్కువ. పార్కింగుకూ, పరిమితి దాటిన కరెంటుకూ వేరే పద్దు వేస్తారు.

మూడవది ఉద్యోగస్తులు, కుటుంబాలు కూడా ఉండే మామూలు అపార్ట్‌మెంటు. డాలస్ శివారు రిచర్డ్‌సన్‌లో, అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న టెంపీలో, టెక్సాస్‌లోని డెంటన్‌లో మన విద్యార్థులు ఎక్కువగా ఉండేది ఇలాంటి ఇళ్లలోనే. రెండు పడకగదుల ఇంట్లో నలుగురు, కొన్నిచోట్ల హాల్లో మరొకరు కూడా ఉంటారు కనుక వాటా బాగా తగ్గుతుంది. లీజు మాత్రం అందరికీ కలిపి ఒక్కటే.

నాలుగవది ఎవరిదైనా ఇంట్లో ఒక గది, లేదా వేరొక విద్యార్థి లీజులో మిగిలిన నెలలను తీసుకునే సబ్‌లీజు. బఫెలో విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ చుట్టూ మెయిన్ స్ట్రీట్ పక్క వీధుల్లోని పాత చెక్క ఇళ్లు ఈ కోవలోకి వస్తాయి. యజమాని ఒక వ్యక్తి కావడం వల్ల కాగితాల పట్టింపు తక్కువగా ఉంటుంది, బేరానికి చోటుంటుంది. అదే కారణం చేత మరమ్మతు పనులు ఆయన మంచితనాన్ని బట్టి నడుస్తాయి.

లీజు మీద పేరు

ఇలా అందరికీ కలిపి రాసే జాయింట్ లీజులో దాదాపు తప్పనిసరిగా ఉండే షరతు ఒకటుంది. సంతకం చేసిన ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు విడివిడిగానూ, ఉమ్మడిగానూ బాధ్యులు అన్నది దాని సారాంశం. మీ నలుగురి మధ్య వాటాలు మీ సొంత ఏర్పాటు మాత్రమే. యజమాని దృష్టిలో వాటాలు లేవు, ఒక్క అద్దె ఉంది. రెండు పడకగదుల ఇంటికి నెలకు 1,600 డాలర్లు అనుకుందాం. నలుగురికి తలకు 400. ఒకరు డిసెంబరులో వేరే విశ్వవిద్యాలయానికి మారిపోతే మిగిలిన ముగ్గురు తలకు 533 చొప్పున కట్టాలి. ఇద్దరు వెళ్లిపోతే తలకు 800. వెళ్లినవారి వాటా కట్టకుండా మీ 400 మాత్రమే మీరు కడితే అది సగం కట్టిన అద్దె కిందికి వస్తుంది. ఆలస్య రుసుము అందరి ఖాతాలోనూ పడుతుంది, వ్యవహారం కోర్టుదాకా పోతే ఖాళీ చేయించే దావాలో అందరి పేర్లూ ఉంటాయి. ఆ దావా రికార్డు తరువాత వేరే నగరంలో ఇల్లు అడిగినా తనిఖీలో బయటపడవచ్చు. వెళ్లిపోయిన వ్యక్తి వేరొక రాష్ట్రంలోనో, స్వదేశంలోనో ఉంటే అతని నుంచి సొమ్ము రాబట్టడం ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు.

అందుకని జాయింట్ లీజును కాదనుకోవాలని నేను చెప్పడం లేదు. ముందే తెలిసిన, డబ్బు విషయంలో మాట మీద నిలబడే స్నేహితులతో అయితే అంతకంటే పొదుపైన పద్ధతి లేదు. వంట కలిసి చేసుకోవచ్చు, ఇంటి అలవాట్లను మీరే నిర్ణయించుకోవచ్చు. నా అభ్యంతరమల్లా వాట్సాప్ గ్రూపులో పరిచయమై, ఒక్కసారి కూడా ముఖాముఖి చూడనివారితో పన్నెండు నెలల ఉమ్మడి బాధ్యత మీద సంతకం చేయడం గురించే. విమానం దిగకముందే ఇలా చేసేవారు చాలామంది ఉన్నారు. మంచివారే తటస్థించినా, వీసా తిరస్కరణ, అడ్మిషన్ మార్పు, ఆర్థిక ఇబ్బంది వంటివి వారి చేతిలో ఉండవు.

తప్పనిసరై జాయింట్ లీజు తీసుకుంటే రెండు జాగ్రత్తలు అవసరం. ఒకరు మధ్యలో వెళ్లిపోతే వారి స్థానంలో కొత్తవారిని చేర్చే పద్ధతి, దాని రుసుము లీజులో ఎలా రాశారో సంతకానికి ముందే చదవాలి; కొత్త వ్యక్తి దరఖాస్తు పెట్టి, ఆమోదం పొంది, లీజులో చేరి, వెళ్లేవారి పేరు తొలగించినట్లు కాగితం వచ్చేదాకా పాత బాధ్యత పోదు. రెండవది, వెళ్లదలచినవారు ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ప్రత్యామ్నాయం దొరికేదాకా వాటా ఎవరు కట్టాలి, డిపాజిట్లో ఎవరిది ఎంత అన్నది నలుగురూ ఒక పేజీలో రాసుకుని సంతకాలు చేసుకోవాలి. మన మధ్య కాగితాలెందుకన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

పేరు లీజు మీద ఉండటం ఎంత ప్రమాదమో, లేకపోవడం కూడా అంతే. వాటా తగ్గుతుందని హాల్లోనో, నలుగురున్న ఇంట్లో అయిదోవారిగానో పేరు లేకుండా ఉండేవారికి ఆ ఇంట్లో నిలబడే హక్కు బలహీనం. చాలా కాంప్లెక్సులు పడకగదికి ఇద్దరికి మించి అనుమతించవు. అనుమతి లేనివారిని ఉంచితే లీజు ఉల్లంఘన లీజు మీదున్న మిగతావారి మెడకు చుట్టుకుంటుంది. పైగా లీజు మీద పేరున్నవారికి అది చిరునామా రుజువు. టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సుకు నివాస రుజువుగా రెండు పత్రాలు అడుగుతారు, వాటిలో లీజు ఒకటి కావచ్చు. ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఎఫ్-1 విద్యార్థి కొత్త చిరునామాను విశ్వవిద్యాలయానికి తెలపవలసి ఉంటుంది కాబట్టి, అసలు ఉన్న ఇల్లు ఒకటి, కాగితాల మీద ఉన్నది మరొకటి కాకుండా చూసుకోవడం వీసా రీత్యా కూడా అవసరం.

తొమ్మిది నెలలా, పన్నెండు నెలలా

విశ్వవిద్యాలయ వసతి ఒప్పందాల్లో కొన్ని ఆగస్టు నుంచి మే దాకా, విద్యాసంవత్సరానికి మాత్రమే ఉంటాయి. బయటి లీజు సాధారణంగా పన్నెండు నెలలు. ఈ తేడాను పట్టించుకోకుండా నెలసరి అద్దెలు పోల్చడం వల్లనే లెక్క తప్పుతుంది. ఊహకు, క్యాంపస్ గది నెలకు 850 డాలర్లు, అన్నీ కలిపి, తొమ్మిది నెలలు: మొత్తం 7,650. బయట వాటా 700, కరెంటు, ఇంటర్నెట్ మరో 60, పన్నెండు నెలలు: మొత్తం 9,120. నెలకు 90 డాలర్లు చవకైన బయటి ఇల్లు ఏడాదికి 1,470 డాలర్లు ఎక్కువైంది. అయితే వేసవిలో కూడా అక్కడే ఉండి, క్యాంపస్ గదికి అదే రేటున మూడు నెలలు అదనంగా కట్టవలసి వస్తే అది 10,200కు చేరుతుంది, అప్పుడు బయటి ఇల్లే మేలు. కనుక ఇల్లు ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న, మొదటి వేసవిలో మీరు ఎక్కడ ఉంటారన్నది.

ఎమ్మెస్ విద్యార్థి మొదటి వేసవి ఇంటర్న్‌షిప్ కోసమే ప్రయత్నిస్తాడు. అది దొరికితే మే నుంచి ఆగస్టు దాకా వేరే నగరంలో ఉండాలి, అక్కడ ఒక అద్దె, ఇక్కడ ఒక అద్దె. సబ్‌లీజుకు ఇవ్వవచ్చు గానీ, దానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలి, అనుమతి ఇచ్చినా అసలు బాధ్యత మీదే. వెస్ట్ లఫాయెట్, షాంపేన్ వంటి చిన్న విశ్వవిద్యాలయ పట్టణాల్లో వేసవిలో విద్యార్థులు వెళ్లిపోవడంతో అందరూ ఒకేసారి సబ్‌లీజుకు మనుషులను వెతుకుతారు, అద్దెలో కొంత భాగానికే ఇవ్వవలసి రావడం మామూలే. డాలస్, ఫీనిక్స్ వంటి పెద్ద నగరాల్లో కొంత నయం, ఎందుకంటే అక్కడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చేవారూ ఉంటారు.

రెండవ చిక్కు చివరి సెమిస్టరుది. ఫాల్‌లో, అంటే ఆగస్టులో, చేరి మూడు సెమిస్టర్లలో చదువు ముగించేవారు మరుసటి ఏడు డిసెంబరులో బయటపడతారు, కానీ ఆగస్టులో పొడిగించిన లీజు మరుసటి జూలై దాకా ఉంటుంది. ఉద్యోగం వేరే రాష్ట్రంలో వస్తే ఏడు నెలల అద్దె ప్రశ్నార్థకమే. టెక్సాస్‌లో చాలా కాంప్లెక్సులు వాడే లీజు నమూనాలో ముందుగా ఖాళీ చేసినవారి మీద నెల అద్దెలో 85 శాతం దాకా రీలెటింగ్ (ఇంటిని మళ్లీ అద్దెకిచ్చే ఖర్చు) రుసుము ఉంటుంది. అది కట్టినంత మాత్రాన మిగిలిన నెలల అద్దె మాఫీ కాదన్న సంగతి చాలామంది గమనించరు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఖాళీ అయిన ఇంటిని తిరిగి అద్దెకిచ్చే ప్రయత్నం యజమాని చేయవలసిందే, కొత్తవారు వచ్చేదాకానే మీ భారం. రెండవ ఏడాది లీజు పొడిగించేటప్పుడు ఆరు నెలలకో, తొమ్మిది నెలలకో అడిగి చూడాలి. నెలకు 50, 60 డాలర్లు ఎక్కువ అడిగినా డిసెంబరులో ముగించేవారికి అదే లాభం. పొడిగించే ఉద్దేశం లేకపోతే 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు చాలా లీజుల్లో ఉంటుంది.

అద్దె పక్కన కనిపించని పద్దులు

దరఖాస్తు రుసుము, డిపాజిట్, రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవారు తీసుకునే బీమా), పార్కింగ్, చెత్త తీసినందుకు రుసుము ఇవన్నీ అద్దెకు అదనం. న్యూయార్క్ రాష్ట్రంలో తనిఖీల పేరుతో 20 డాలర్లకు మించి, డిపాజిట్ కింద ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. అరిజోనాలో డిపాజిట్ పరిమితి నెలన్నర అద్దె. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి ఎక్కువమంది యజమానులకు ఒక నెల అద్దే పరిమితి. టెక్సాస్‌లో అటువంటి పరిమితి లేదు, కనుక సోషల్ సెక్యూరిటీ నంబరు (ఆర్థిక చరిత్ర తనిఖీకి అడిగే ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) లేని కొత్త విద్యార్థిని ఎక్కువ డిపాజిట్ అడగవచ్చు. నెల ఆదాయం అద్దెకు మూడింతలు ఉండాలన్న నియమం కూడా విద్యార్థికి అడ్డంకే. విశ్వవిద్యాలయాల చుట్టుపక్కల కాంప్లెక్సుల్లో కొన్ని ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే అడ్మిషన్ పత్రం), పాస్‌పోర్టు, బ్యాంకు నిల్వ చూసి ఇస్తాయి, కొన్ని అమెరికాలో ఉన్న హామీదారు సంతకం అడుగుతాయి. చుట్టాలాయనను హామీ సంతకం అడిగేముందు అది నలుగురి అద్దెకూ ఆయనను బాధ్యుణ్ణి చేస్తుందా, మీ వాటాకేనా అన్నది చూసి అడగడం ధర్మం.

కరెంటు సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో 2002 నుంచి చాలా ప్రాంతాల్లో కరెంటు అమ్మే కంపెనీని వినియోగదారుడే ఎంచుకోవాలి. డెంటన్‌లో మాత్రం నగరపాలక సంస్థే సరఫరా చేస్తుంది. ఎంచుకునేచోట ఒక జాగ్రత్త ఉంది. నెలకు 1,000 యూనిట్లు దాటితే బిల్లులో పెద్ద తగ్గింపు ఇచ్చే పథకాలను చూపి, తగ్గింపు తరువాతి రేటును పైన పెద్దగా వేస్తారు. చిన్న ఇంట్లో చలికాలం నెలల్లో అంత వాడకం ఉండదు, తగ్గింపు రాదు, యూనిట్ ధర ఒక్కసారిగా పెరిగినట్లు బిల్లు వస్తుంది. 500 యూనిట్ల దగ్గర రేటు ఎంతో చూసి ఎంచుకుంటే ఈ చిక్కు ఉండదు. టెక్సాస్, అరిజోనాల్లో వేసవి ఏసీ బిల్లు, బఫెలోలో చలికాలపు గ్యాస్ బిల్లు వాటాను గణనీయంగా పెంచుతాయి. పాత చెక్క ఇళ్లలో కిటికీ సందుల్లోంచి చలిగాలి వచ్చేచోట మరీ ఎక్కువ. అద్దె మాట్లాడేటప్పుడే పోయిన జనవరి బిల్లు చూపించమని అడగడం తప్పు కాదు.

మామూలు అపార్ట్‌మెంట్లో ఫర్నిచరు ఉండదు. పాత పరుపు ఉచితంగా దొరికిందని చెత్తకుండీ పక్కనుంచి తెచ్చుకోవద్దు. నల్లులు ఇంట్లో ఒకసారి చేరితే మందు కొట్టించే ఖర్చును లీజు ప్రకారం మీ మీదే వేయవచ్చు, అది కొత్త పరుపు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

దూరం

కారు లేని మొదటి ఏడాది ఇంటి విలువను బస్సు రూటే నిర్ణయిస్తుంది. యూటీ డాలస్ (డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం) విద్యార్థులకు నగర రవాణా సంస్థ డార్ట్ నడిపే కామెట్ క్రూయిజర్ బస్సు ఉచితం, షాంపేన్-అర్బానాలో ఎమ్‌టీడీ అనే నగర సంస్థ బస్సులకు విశ్వవిద్యాలయ గుర్తింపు కార్డు చాలు, పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ కార్డుతో నగర బస్సులెక్కవచ్చు, టెంపీలో ఆర్బిట్ బస్సులు అందరికీ ఉచితం, బఫెలోలో విశ్వవిద్యాలయం నడిపే స్టాంపీడ్ బస్సులు నార్త్, సౌత్ క్యాంపస్‌లను కలుపుతాయి. అయితే మ్యాపులో బస్టాపు కనిపించడంతో సరిపెట్టుకోకూడదు. ఎమ్మెస్ తరగతులు కొన్ని విశ్వవిద్యాలయాల్లో సాయంత్రం మొదలై రాత్రి పది దాకా సాగుతాయి, ఆ వేళకు చివరి బస్సు ఉందా, ఆదివారం తిరుగుతుందా, సెలవుల్లో ఆపేస్తారా అన్నవి చూడాలి. బస్సు దిగాక ఇంటికి నడిచే దారిలో కాలిబాట, దీపాలు ఉన్నాయా అన్నది ఇల్లు చూడటానికి పగలు వెళ్లినవారికి తెలియదు. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి నడిచి చూడాలి. రూటుకు దూరంగా 100 డాలర్లు చవకైన ఇల్లు తీసుకుని, ఆ తరువాత కారు కొనవలసి వస్తే, దాని బీమా, పెట్రోలు, క్యాంపస్ పార్కింగ్ పర్మిట్ కలిసి ఆ ఆదాను మింగేస్తాయి.

వంటిల్లు

మన విద్యార్థులు క్యాంపస్ హాస్టలు కంటే బయటి అపార్ట్‌మెంటును కోరుకోవడానికి అద్దె తరువాతి కారణం తిండే. శాకాహారికి మీల్ ప్లాన్ డబ్బు చాలావరకు వృథా. సొంత వంటింట్లో అన్నం, పప్పు, ఒక కూర నలుగురు వంతులవారీగా వండుకుంటే నెల ఖర్చు ఎంతో తగ్గుతుంది. కానీ అమెరికా అపార్ట్‌మెంటు వంటిల్లు మన పోపుకు అనుగుణంగా కట్టింది కాదు. చాలా ఇళ్లలో పొయ్యి పైనున్న ఫ్యాను పొగను బయటికి పంపదు, జల్లెడలోంచి తీసి తిరిగి గదిలోకే వదులుతుంది. ఆవాలు చిటపటలాడి ఎండుమిర్చి నల్లబడేలోగా హాల్లోని పొగ అలారం మోగుతుంది. దాన్ని ఊడదీయడం లీజు ఉల్లంఘన, అంతకు మించి ప్రాణాపాయం. కిటికీ తెరిచి, మంట తగ్గించి పోపు వేసుకోవడమే మార్గం, కనుక ఇల్లు చూసేటప్పుడు వంటింటికి దగ్గరలో తెరుచుకునే కిటికీ ఉందో లేదో చూడాలి. తెల్లటి లామినేట్ గట్టు మీద పసుపు పడి ఆరిపోతే ఆ మరక ఎంత తోమినా పూర్తిగా పోదు, ఖాళీ చేసేటప్పుడు గట్టు మార్పించిన ఖర్చు డిపాజిట్లో కోస్తారు. గట్టు మీద ఒక ప్లాస్టిక్ షీటు పరచుకోవడం మొదటి రోజే చేయవలసిన పని. వంట వాసన సాకుతో భారతీయులకు ఇల్లు ఇవ్వమని ఎవరైనా అంటే, జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద నిషిద్ధమని గుర్తుంచుకోవాలి.

డిపాజిట్ మీద వచ్చే వాదనలో సగం ఇల్లు చేరిన రోజే గెలుస్తాం. సామాను దించకముందే కార్పెట్ మరకలు, పొయ్యి కాయిల్స్, ఫ్రిజ్ అరలు, బాత్రూము గోడలు తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, తనిఖీ ఫారంలో రాసి, ఆఫీసుకు ఈమెయిలు చేయాలి. ఖాళీ చేశాక డిపాజిట్ లెక్క న్యూయార్క్‌లో 14 రోజుల్లో, కాలిఫోర్నియాలో 21 రోజుల్లో, టెక్సాస్‌లో 30 రోజుల్లో తేల్చాలి. టెక్సాస్‌లో అయితే మీ కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చేదాకా డిపాజిట్ తిరిగిచ్చే బాధ్యత యజమానికి లేదు.

ఎవరికి ఏది

హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చుని ఇల్లు ఖాయం చేసుకునేవారు ముందుగా మోసాల నుంచి కాపాడుకోవాలి. చుట్టుపక్కల అద్దెలకంటే బాగా తక్కువ, యజమాని ఊళ్లో లేడు, తాళం కొరియరులో వస్తుంది, జెల్ (అమెరికా బ్యాంకు ఖాతాల మధ్య వెంటనే డబ్బు పంపే సేవ) ద్వారా డిపాజిట్ వెంటనే పంపాలి అంటే అది మోసమే అనుకోవాలి. జెల్‌లో పంపిన సొమ్ము వెనక్కి రావడం చాలా కష్టం. చాలా విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థి సంఘాలు కొత్తవారికి కొద్దిరోజుల టెంపరరీ అకామడేషన్ చూపిస్తాయి. అది వాడుకుని, ఇల్లు కళ్లారా చూసి సంతకం చేయడం ఉత్తమం. ఆగస్టులో ఇళ్లు అయిపోతాయన్న భయం కొన్ని ఊళ్లలో నిజమే. సెప్టెంబరు 1న లీజులు మారే బోస్టన్ అందుకు పేరుమోసిన ఉదాహరణ. అలాంటి చోట ముందే తీసుకోక తప్పకపోతే పడకగదికి విడిగా రాసే లీజు తీసుకోవాలి.

ఒంటరిగా వచ్చే మొదటి సెమిస్టరు విద్యార్థికి నా సలహా ఇదే: విశ్వవిద్యాలయ గది దొరికితే అది, లేకపోతే విడి లీజున్న గది, లేకపోతే యజమాని అనుమతితో అయిదారు నెలల సబ్‌లీజు. నెలకు 150 డాలర్లు ఎక్కువైనా, తెలియనివారి బాకీకి పూచీపడకుండా ఉండటానికి ఆ సొమ్ము కట్టవచ్చు. మనుషులు తెలిశాక, బస్సు రూట్లు తెలిశాక, రెండవ ఏడాది ముగ్గురు నలుగురు కలిసి జాయింట్ లీజు తీసుకుంటే అసలైన పొదుపు అప్పుడు మొదలవుతుంది. స్ప్రింగ్‌లో, అంటే జనవరిలో, చేరేవారికి అప్పుడే ఫాల్‌లో చదువు ముగించినవారు వదిలిన సబ్‌లీజులు ఎక్కువగా దొరుకుతాయి కనుక వారు పన్నెండు నెలల లీజుకు తొందరపడనవసరం లేదు. ఇంటి దగ్గరి నుంచే ఒకే కాలేజీలో చదివి, ఒకే విశ్వవిద్యాలయానికి కలిసి వచ్చే స్నేహితులు మాత్రం మొదటి రోజు నుంచే మామూలు అపార్ట్‌మెంటు చూసుకోవచ్చు.

భార్యాభర్తలుగా వచ్చేవారి లెక్క వేరు. షేరింగ్ వారికి కుదరదు, ఒక పడకగది ఇంటి అద్దె అంతా ఒక్క స్టైపెండు మీదో, అప్పు మీదో పడుతుంది, ఎఫ్-2 (విద్యార్థి భార్యకు లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద వచ్చినవారికి ఉద్యోగం చేసే అనుమతి లేదు. విశ్వవిద్యాలయం కుటుంబాలకు ఇచ్చే ఇళ్లు ఉంటే వాటి వెయిటింగ్ లిస్టులో అడ్మిషన్ నాడే పేరు రాయించుకోవాలి. అవి దొరకకపోతే, విద్యార్థి ప్రయోగశాలలో గడిపే పన్నెండు గంటలూ రెండవవారు కారు లేకుండా ఇంట్లోనే ఉంటారు కాబట్టి, క్యాంపస్‌కు దగ్గరా దూరమా అనే దానికంటే కిరాణా కొట్టు, గ్రంథాలయం, బస్టాపు నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఇంటికే ఎక్కువ అద్దె ఇవ్వడం సబబు.